బందరు కోటకు దయ్యాల పేరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

బందరు కోట శిథిలాల్లో రాత్రిళ్లు దయ్యాలు ఏడుస్తాయని పిల్లలు ఫోన్లలో వీడియోలు చూపిస్తున్నారు. భయపడటానికి దయ్యాలే కావాలా? 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువారి కర్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ ఈ కోటపై పడి, ఫ్రెంచివారి నుంచి లాక్కుంది. బందీలుగా చిక్కినవారే గెలిచినవారికన్నా ఎక్కువ! ఇక 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తితే సుమారు 30 వేలమంది పోయారు. ఆ తర్వాత సైన్యమూ తరలిపోయింది. ఏడుపులు వినిపిస్తున్నాయంటే (నాకైతే దోమల మోతే వినిపించింది) ఆ ఉప్పెన రాత్రినే తలుచుకోవాలి కదా. ఈ సంగతులు తెలుగులో రాసిన బోర్డు ఒకటి కోట దగ్గర పెట్టించాలని, ముళ్లకంపలు కొట్టించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం