అన్నీ ఇంపార్టెన్స్ 1 లో పెడితే ఎట్లా రా

మామా,

నీ ఉత్తరం అందింది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఏ పనికి ఎంత సీపీయూ, మెమరీ ఇవ్వాలో చూసుకునే డబ్ల్యూఎల్ఎం (వర్క్‌లోడ్ మేనేజర్) పాలసీ నీ చేతికొచ్చిందని, తెరిచి చూస్తే సగం సర్వీస్ క్లాసులు, అంటే ఒకే గోల్ ఉన్న పనుల గుంపులు, అన్నిటికన్నా ముఖ్యమైన ఇంపార్టెన్స్ 1 లోనే ఉన్నాయని రాశావు కదా, చదవగానే నీకు రాయాలనిపించింది. ఆ ఒక్కటి సరిచేస్తే చాలావరకు దారికొస్తుంది రా, నిజంగా.

1994 లో ఎంవీఎస్ ఈఎస్ఏ 5.1 అనే ఐబీఎం ఆపరేటింగ్ సిస్టంతో గోల్ మోడ్ వచ్చేదాకా ఐపీఎస్, ఐసీఎస్ అనే సెట్టింగ్ ఫైళ్లలో కూర్చుని ప్రయారిటీ నంబర్లు మనుషులే రాసుకునేవాళ్లు. ఇప్పుడు మనం నంబర్ ఇవ్వం, ఏ పని ఎంతలో అవ్వాలో చెప్తాం, డిస్పాచింగ్ ప్రయారిటీ, అంటే సీపీయూ ఎవరికి ముందు అన్న వరుస, డబ్ల్యూఎల్ఎమ్మే మార్చుకుంటుంది. దాదాపు 10 సెకన్లకోసారి చూసి, గోల్ అందక ఇబ్బంది పడుతున్న ముఖ్యమైన పని ఏదో, అది దేనికోసం ఆగిందో పట్టుకుని, ఇంకో పని దగ్గర్నుంచి తీసి దీనికిస్తుంది. కొత్తగా సీపీయూ పుట్టదు కదా, ఇచ్చేవాడు ఒకడుండాలి! అందరూ 1 లోనే ఉండి అందరికీ టైట్ గోల్స్ ఉంటే ఎవరి దగ్గర్నుంచి తీస్తుంది చెప్పు? అందుకే తొందర లేని బ్యాచ్‌ని మొహమాటపడకుండా డిస్క్రెషనరీలో, అంటే గోల్ లేకుండా మిగిలినదాంతో నడిచేవాటిలో, పెట్టేయ్, రద్దీ టైంలో తగ్గేది అదే.

పర్ఫార్మెన్స్ ఇండెక్స్ (పీఐ), అంటే గోల్ ఎంతవరకు అందుతోందో చెప్పే అంకె, అర్థమైతే మిగతాదంతా తేలికే. సగటున అర సెకను అని గోల్ పెట్టావు, వచ్చింది 1 సెకను, అంటే పీఐ 2. ఒకటికి పైన ఉంటే అందట్లేదని. పని ఆగకుండా ఎంత శాతం నడిచిందో చెప్పే వెలాసిటీ గోల్‌కి లెక్క తిరగేస్తారు, 40 అడిగితే 20 వచ్చింది, అదీ 2 నే. ఈ వెలాసిటీ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. డబ్ల్యూఎల్ఎం మధ్యమధ్యలో తీసే శాంపిల్స్‌లో పని నడుస్తూ కనబడినవి 30, సీపీయూ లాంటి, డబ్ల్యూఎల్ఎం చేతిలో ఉన్నవాటి కోసం ఆగినవి 70 అనుకో, వెలాసిటీ 30. ఇక్కడే ఒక మెలిక ఉంది, జాబ్ డీబీ2 డేటాబేస్‌లో ఇంకొకరు పట్టుకున్న లాక్ కోసం ఆగితే అది ఆ 70 లో లెక్కకి రాదు. అలాంటి జాబ్‌ని స్లోగా ఉందని ఇంపార్టెన్స్ పెంచితే ఏం లాభం, లాక్ పట్టుకున్నది వేరేది కదా, దాన్ని వెతకాలి. ఇంకా, వెలాసిటీ 90 లాంటివి కనబడితే తీసెయ్, ఏం చేసినా అందదని తేలితే డబ్ల్యూఎల్ఎం దాన్ని వదిలేసి వేరే పని చూసుకుంటుంది. ముందు ఆర్ఎంఎఫ్ (సిస్టం పనితీరు కొలిచే టూల్) వర్క్‌లోడ్ యాక్టివిటీ రిపోర్ట్‌లో అసలు ఎంత వస్తోందో చూడు, దాని చుట్టూ గోల్ పెట్టు. ప్రాసెసర్లు మారితే వెలాసిటీ కూడా మారుతుంది, కాబట్టి అప్‌గ్రేడ్ అయిన ప్రతిసారీ మళ్ళీ చూడాల్సిందే.

అన్నట్టు, డీడీఎఫ్, అదే బయట్నుంచి డీబీ2 కి క్వెరీలు వచ్చే దారి, ఎలా ఉంది మీ దగ్గర? ఏ పని ఏ సర్వీస్ క్లాస్‌లోకో చెప్పే క్లాసిఫికేషన్ రూల్ లేకపోతే బయట్నుంచొచ్చే క్వెరీలన్నీ సిస్‌అదర్ అనే క్లాస్‌లో పడతాయి, అది డిస్క్రెషనరీ, ఆన్‌లైన్ యూజర్లు ఎందుకు ఏడుస్తున్నారో ఎవరికీ అర్థం కాదు. రూల్ రాసి పీరియడ్లు, అంటే ఒకే క్లాస్‌లో మెట్టుమెట్టుకీ వేరే గోల్స్, పెట్టు, చిన్న క్వెరీలు మొదటి పీరియడ్‌లో 90 శాతం అర సెకనులో, ఎక్కువ సర్వీస్ యూనిట్లు (సీపీయూ లాంటివి ఎంత వాడిందో చెప్పే కొలత) తినేవి రెండో దానికి, మూడో దానికి జారిపోతాయి. చివరి పీరియడ్ మాత్రం డిస్క్రెషనరీ వద్దు నా మాట విని, అన్నిటికన్నా కిందిదైన ఇంపార్టెన్స్ 5 లో చిన్న వెలాసిటీ ఇవ్వు, లాక్ పట్టుకుని సీపీయూ అందక కూర్చుంటే పైవాళ్లు కూడా ఆగిపోతారు. డీబీ2 లాకులు చూసే ఐఆర్ఎల్ఎం, పై ప్రయారిటీ ఉండే సిస్‌ఎస్‌టీసీ క్లాస్‌లో ఉందో లేదో కూడా చూడు, ఇది మర్చిపోకు.

అన్నీ ఒకేసారి మార్చకు. పాత పాలసీ కాపీ ఉంచుకుని ఒక్కో క్లాస్ దించుతూ రెండుమూడు పీక్‌లు గమనించు. పగలు పీక్ గంటదొకటి, రాత్రి బ్యాచ్ నడిచేటప్పటిదొకటి ఆర్ఎంఎఫ్ రిపోర్టులు పంపు, ఏది ముందు దించాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మామ