ఏ రకం బ్లడ్ క్యాన్సరో కూడా రాయండి

సంపాదకులకు,

'బ్లడ్ క్యాన్సర్‌కు మన దేశంలోనే మందు' అని వార్త వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఫోన్ల మీద ఫోన్లు. మా బాపు అజంజాహి మిల్లులో పనిచేసిన మనిషి. ఆయనకున్నది క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే రకం. ఇబ్బందులేవీ లేవు కాబట్టి ఇప్పుడే మందులు వద్దని, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుని రమ్మని డాక్టరు చెప్పారు. ఈ దశలో తొందరపడి మందు మొదలుపెడితే ఆయుష్షు పెరగదట. కానీ పరకాల నుంచి వచ్చిన చిన్నబాపు పేపర్ కటింగ్ ముందు పెట్టి, "మందు ఉండంగ ఊకె ఎట్ల కూసుంటరు బిడ్డా? ఎకరం అమ్ముదాం" అన్నాడు. తెల్లారి చూస్తే బాపు పట్టా పాసుబుక్ బీరువాలోంచి తీసి దిండు కింద పెట్టుకున్నాడు.

నిజానికి అది గొప్ప వార్తే. రోగి రక్తంలోంచి టీ కణాలు (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా ల్యాబ్‌లో మార్చి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించే కార్-టీ చికిత్స అది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. విదేశాల్లో కోట్లు అయ్యే చికిత్స ఇక్కడ 30–40 లక్షలకు దిగింది. చదివి నాకూ గర్వమనిపించింది. కానీ ఆ అనుమతి బాపు జబ్బుకు కాదు, బీ సెల్ (ఇంకో రకం తెల్ల రక్తకణం) లింఫోమాలకు, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్లకు, వేగంగా ముదిరే బీ సెల్ అక్యూట్ ల్యుకేమియాకు. అదీ మామూలు చికిత్సకు జబ్బు లొంగనప్పుడు, లేదా తిరగబెట్టినప్పుడు. ఆ ముక్క వార్తలో లేదు.

బాపు జబ్బు మీద కూడా పరిశోధన జరుగుతోంది. 2010లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఈ చికిత్స మొదట చేసింది ఈ జబ్బు ఉన్నవాళ్లకే. ఇద్దరి ఒంట్లో ఆ కణాలు పదేళ్ల తర్వాతా బతికే ఉన్నాయని 2022లో ప్రకటించారు. అందరికీ అట్లా పనిచేయలేదు. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లలో టీ కణాలు ముందే నీరసించి ఉండటం ఒక కారణం. 2024లో అక్కడ ఈ జబ్బుకూ ఒక కార్-టీ చికిత్సను అనుమతించారు, కానీ వేరే మందులు వాడి చూశాకే.

ఇవన్నీ బాపుకు విడమరిచి చెప్పాకే పాసుబుక్ బీరువాలోకి పోయింది. చెప్పేవాళ్లు లేని ఇళ్లెన్నో. అందుకే ఏ రకం జబ్బుకు, ఏ దశలో, ఎంత ఖర్చు, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా లేదా అని నాలుగు లైన్లు తప్పకుండా కలపండి. హెడ్డింగ్‌లో జబ్బు పూర్తి పేరు పెట్టండి. పలకడానికి కష్టమైనా ఫర్వాలేదు, రోగి ఉన్న ఇంట్లో ఆ పేరు అందరికీ నోటికి వచ్చు.

– ఒక పాఠకురాలు, కాశిబుగ్గ, వరంగల్