నా రక్తం నా మోకాలికే!

ఒరేయ్ గురూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. క్షమించేసెయ్. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, పిల్లాడి పరీక్షలు అయిపోయాయి, ఉద్యోగం ఏదో ఏడుస్తోంది. అసలు సంగతి విను: మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నా!

నువ్వు ‘పెన్షన్ కాలు’ అని పేరు పెట్టావే, అదే. మోకాలిచిప్ప కింద టెండన్, అదే కండరం బలాన్ని ఎముకకి అందించే గట్టి పట్టీ. వాలీబాల్ పుణ్యం. మెట్లు దిగినా నొప్పే, కాసేపు కూర్చుని లేచినా నొప్పే. ఒక్క స్టెరాయిడ్ సూదితో పోతుందనుకుని వెళ్తే డాక్టరమ్మ ససేమిరా అంది. కొన్ని వారాలు హాయిగా ఉంటుందట, ఆపైన నొప్పి తిరగబెడుతుందట, టెండన్ బలహీనపడి తెగే ప్రమాదం కూడా ఉందట. అయినా పాత నొప్పిలో వాపు కన్నా లోపలి పోగులు చెదిరిపోవడమే ఎక్కువంది.

ఇక పీఆర్‌పీ, అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ద్రవాన్ని వేరుచేసి నొప్పి ఉన్నచోట సూదితో ఎక్కించడం. నా చేతిలోంచే రక్తం తీసి, గొట్టంలో పోసి, యంత్రంలో గిరగిరా తిప్పారు. ఎర్రకణాలు అడుక్కి పోయి, పైన పసుప్పచ్చటి ద్రవం తేలింది. అందులో గుమిగూడిన ప్లేట్‌లెట్లు మరమ్మతు మొదలెడతాయని ఆశ. ఆశే సుమా! 2019లో అచ్చయిన ఒక ట్రయల్‌లో 57 మందికి రెండు రకాల పీఆర్‌పీ, లేదా ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించి, అందరిచేతా వ్యాయామం చేయిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని ఆవిడే చెప్పింది. ‘మరెందుకండీ ఇది?’ అన్నా. ‘వ్యాయామంతో తగ్గనివాళ్లు కొందరు అడుగుతారు. చేయించుకుని తీరాలని లేదు’ అంది. అంత ముక్కుసూటిగా చెప్పేసరికి ఆవిడ మీద గురి కుదిరి సరేనన్నా. విచిత్రం కదూ?

అల్ట్రాసౌండ్ తెర మీద సూది తెల్లటి గీతలా టెండన్‌లోకి దూరడం కళ్లారా చూశాన్రా! మత్తు పైపైనే. మందు తోస్తుంటే ఎవరో లోపల్నుంచి బొటనవేలితో నొక్కుతున్నట్టు... ఆ రాత్రి సంగతి అడక్కు. ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకూడదట, ప్లేట్‌లెట్ల పనికి అడ్డమట. పారాసిటమాలే గతి. ‘మగాడివి కాదూ’ అని మా ఆవిడ... సర్లే, అది వచ్చినప్పుడు చెప్తా.

ఇప్పుడు అసలు చాకిరీ మొదలైంది. 25 డిగ్రీల ఏటవాలు పలక మీద ఒంటికాలితో నిలబడి, మెల్లగా మోకాలు వంచుతూ దిగాలి. నెలల తరబడి! కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదట, మర్నాటికి ఎక్కువ కాకపోతే చాలట. రేపు తగ్గిందే అనుకో, గొప్ప సూదిదా, పలకదా? నా ఓటు పలకకే, ఎందుకంటే...

అయ్యో, ఫిజియో ఫోన్. ఉంటాన్రా, మిగతాది

నీ పెన్షనర్