రెండు నదులు కలిసే చోట

ఒరేయ్ శీనూ,

ఉత్తరం రాసి ఏడాది దాటింది, తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. మొన్న శనివారం ఒక ఊరికి వెళ్లి వచ్చాక మాత్రం నీకు రాయకుండా ఉండలేకపోయాను.

ఊరి పేరు హార్పర్స్ ఫెర్రీ. వెస్ట్ వర్జీనియా కొసన, మేముండే ఆష్‌బర్న్ నుంచి కారులో దాదాపు గంట ప్రయాణం. జనాభా మూడు వందలు కూడా లేదు. మన వీధి వినాయక చవితి పందిట్లో అంతకంటే ఎక్కువ మంది ఉండేవారు. పొటోమాక్, షెనండోవా నదులు అక్కడ కలుస్తాయి. సంగమం అని నోరు జారాను, అంతే, అమ్మ ముందురోజు రాత్రే పసుపు కుంకుమలు పొట్లం కట్టుకుంది. "నదిలో ఏమీ వేయకూడదమ్మా" అంటే, "వేయనులే. నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే దానికీ జరిమానా వేస్తారా?" అంది. చల్లుకుంది, నా బట్టతల మీద కూడా చల్లింది.

కారు పైన ఆపేసి, పార్కు వాళ్ల బస్సులో ఊళ్లోకి దిగాం. పులిహోర డబ్బా కారులోనే ఉండిపోయిందని దిగాక తెలిసింది. ఆ తప్పు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

అక్కడ అందరూ చూసేది జాన్ బ్రౌన్ కోట. కోట అనగానే మావాడు గోల్కొండను ఊహించుకున్నాడు. తీరా చూస్తే మూడు పెద్ద తలుపుల ఇటుకల కొట్టు! ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో మంటలార్పే బండ్లు పెట్టుకోవడానికి కట్టినది. ఆ ఆయుధాలు చేజిక్కించుకుని బానిసలను విడిపించాలని జాన్ బ్రౌన్ 21 మందిని కూడగట్టుకుని, 1859 అక్టోబరు 16 రాత్రి ఈ ఊరి మీద పడ్డాడు. చివరికి ఈ కొట్టులోనే చిక్కుకున్నాడు. సమ్మెటలతో తలుపు పగలకపోతే, మెరైన్ సైనికులు బరువైన నిచ్చెనతో గుద్ది చొరబడ్డారు. వాళ్లను నడిపిన రాబర్ట్ ఇ. లీయే ఆ తరువాత అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని వదులుకోని దక్షిణాది రాష్ట్రాలకు సేనాని అయ్యాడు. డిసెంబరు 2న బ్రౌన్‌ను ఉరి తీశారు.

ఇదంతా పిల్లలకు గొప్పగా చెబుతూ ఒకచోట ఆగిపోయాను. ఆ రాత్రి దాడిలో మొదట చనిపోయినవాడు హేవర్డ్ షెపర్డ్, రైల్వే స్టేషనులో సామాన్లు చూసే నల్లజాతి మనిషి. బానిస కూడా కాదు. "వాళ్ల కోసమే వచ్చి వాళ్లనే చంపారా?" అంది మా అమ్మాయి. నీళ్లు నమిలాను.

ఆ కొట్టు చేసిన ప్రయాణాలు వింటే నవ్వుతావు. 1891లో ఇటుక ఇటుకా విప్పి ప్రదర్శన కోసం షికాగో తీసుకుపోయారు. మళ్లీ తెచ్చి ఊరి బయట పొలంలో నిలబెట్టారు, అక్కడి నుంచి కాలేజీకి, 1968లో ఇప్పుడున్న చోటికి. అసలు చోటేమో రైలు కట్ట కింద పడిపోయింది. పొలంలో ఉన్నప్పుడు, 1906లో, డుబోయిస్ తదితర నల్లజాతి నాయకులు దాని దగ్గరికి చెప్పులు లేకుండా నడిచి వెళ్లారట. అది చెప్పగానే అమ్మ ఏమీ అనకుండా గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. వెనక నిలబడ్డ తెల్లాయన ఆ చెప్పులు తొక్కకుండా పక్కకు జరిగాడు.

నువ్వు గుర్తొచ్చింది మాత్రం అక్కడ కాదు. ఊళ్లో ఒక గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో పలకలు కొట్టారు: 1889, 1972, 1996... అన్నిటికంటే పైన 1936. మావాణ్ణి గోడకు ఆనించి నిలబెడితే, చెయ్యెత్తినా ఆ పలక అందలేదు. నాకు భద్రాచలంలో మీ వసారా కళ్ల ముందు కదిలింది. 1986లో గోదావరి 75 అడుగులు దాటి వచ్చి వెళ్లాక, మీ నాన్నగారు బొగ్గుతో గీసిన గీత! ప్రతి సంక్రాంతికీ సున్నం వేయించేటప్పుడు ఆ జానెడు మేర వదిలేయమనేవారు, గుర్తుందా?

ఆ గోడ ఇంకా ఉందా? ఉంటే ఫోటో తీసి పంపు. మావాడు దాని పక్కన నువ్వు కూడా నిలబడాలంటున్నాడు, ఎత్తు తెలియడానికట.

నీ
రవి