సాయంత్రం టిఫిన్ వేళలు మారుతున్నాయి

అందరికీ నమస్కారం. సోమవారం నుంచి మన హోటల్లో సాయంత్రం టిఫిన్ ఆరున్నరకే ఆపేస్తున్నాం. ఆ తర్వాత పునుగులు, బజ్జీలు ఉండవు. పొద్దున కారం దోసె, ఇడ్లీ, పూరీ ఎప్పటిలాగే ఆరింటి నుంచి.

కారణం మీలో చాలామంది చూస్తూనే ఉన్నారు. మన రోడ్డులో వైన్ షాపు వచ్చాక చీకటి పడితే మా మెట్ల మీదే కూర్చుని తాగుతున్నారు. నిజం చెప్పాలంటే బజ్జీలు ముందుకంటే ఎక్కువే పోతున్నాయి, అయితే అవన్నీ మంచింగ్‌కే. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లులు రావడం మానేశారు. వాళ్లు రాని హోటలు నాకొద్దు.

షాపు నడిపే ఆయన మీద నాకు కోపం లేదు. 2024 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ మద్యం షాపులు తీసేసి 3,396 షాపులు లాటరీలో ప్రైవేటువాళ్లకు ఇచ్చారు. దరఖాస్తుకే తిరిగిరాని 2 లక్షలు, షాపు తగిలితే ఏడాదికి లక్షల్లో ఫీజు. అంత కట్టిన మనిషి జనం తిరిగే రోడ్డే చూసుకుంటాడు.

నా బాధంతా ఊరిని ఒక్క మాట అడగకపోవడం గురించే. ఈ టిఫిన్ హోటలుకు నేను పంచాయతీ లైసెన్సు తీసుకున్నాను. వైన్ షాపు సంగతి అడిగితే మా చేతుల్లో లేదన్నారు. అదీ నిజమే. మద్యం రాష్ట్రం చేతిలో ఉన్న విషయం. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో ఉన్నాయి, వాటిలో మద్యం లేదు. 1996 పెసా చట్టం ఏజెన్సీ ఊళ్లలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, మద్యాన్ని కట్టడి చేసే అధికారం గ్రామసభలకు కల్పించమంది, మనది ఏజెన్సీ కాదు. మహారాష్ట్రలో ఆడవాళ్లు ఓటేసి షాపు మూయించే పద్ధతి ఉంది. సీసా బొమ్మలే గుర్తులు: నిలబడ్డ సీసాకు వేస్తే షాపు ఉండాలని, పడుకున్న సీసాకు వేస్తే మూసేయాలని. మనకు అలాంటిది ఎందుకుండకూడదు?

మన కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురుతిరిగారు. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలనే ఆపించారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ల చేతిలో ఏ చట్టమూ లేదు, రోడ్డు మీదికి రావాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా మనకు అదొక్కటే దారి అంటే నాకు కడుపు మండుతోంది.

సంపూర్ణ నిషేధం కావాలని నేననడం లేదు. 1995లో పెట్టి 1997లో ఎత్తేశారు, ఆ మధ్యలో దొంగసరుకు ఎలా పారిందో పెద్దవాళ్లకు గుర్తే. షాపు ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో గ్రామసభ తీర్మానం లేకుండా లైసెన్సు ఇవ్వొద్దు, అంతే నేనడిగేది. ఇప్పటి లైసెన్సులు 2026 సెప్టెంబరు 30 వరకు. తర్వాతి పాలసీలో ఈ మాట ఉండాలని అర్జీ రాయించి గల్లాపెట్టె దగ్గర పెట్టాను. ఇష్టమైనవాళ్లు సంతకం చేయండి, ముఖ్యంగా అక్కలూ అమ్మలూ.

రాత్రికి దోసెలు కావాలంటే సాయంత్రం ఐదులోపు చెప్పండి, ఆరున్నరలోపు పార్శిల్ కట్టి ఉంచుతాం. ఊళ్లోవాళ్లకు మా అబ్బాయి ఇంటికే తెచ్చిస్తాడు, దానికి వేరే డబ్బులేమీ లేవు.