సెవీన్యే ఉత్తరాలు తెలుగులో రావాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ఫ్రెంచి రాజాస్థానపు స్త్రీలపై వచ్చిన వ్యాసం గౌనులు, నగలు, కేశాలంకారాల వర్ణనతోనే ముగిసిపోయింది. పద్నాలుగవ లూయీ ఆస్థానాన్ని దగ్గరగా చూసి, చూసినదంతా ఉత్తరాల్లో రాసిపెట్టిన మదామ్ ద సెవీన్యే పేరైనా అందులో లేకపోవడం పెద్ద లోటు.

1626లో పారిస్‌లో పుట్టిన ఆమె పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని తల్లి తరపు బంధువుల పెంపకంలో చదువుకున్నారు. 1651లో భర్త మరొక స్త్రీ విషయమై ద్వంద్వయుద్ధానికి దిగి చనిపోయేనాటికి ఆమెకు పాతికేళ్లు, ఇద్దరు పిల్లలు. మళ్లీ పెళ్లి చేసుకోకుండా, మేనమామ అండతో ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టుకున్నారు. ఆనాటి ఫ్రాన్సులో భర్త చాటున ఉన్న భార్య కంటే వితంతువుకే చట్టరీత్యా స్వేచ్ఛ ఎక్కువ.

దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్‌లో రాజప్రతినిధిగా ఉన్న అల్లుడి దగ్గరికి 1671లో కూతురు కాపురానికి వెళ్లిన తరువాత ఆమె ఉత్తరాలు ధారగా సాగాయి. నేడు దొరుకుతున్న సుమారు 1,100 ఉత్తరాల్లో అధికభాగం కూతురికి రాసినవే. కూతురి జవాబులు మాత్రం మిగలలేదు. షాంటిల్లీలో రాజుగారికిచ్చిన విందుకు చేపలు వేళకు అందవని అవమానంతో, ఆ విందు ఏర్పాట్లు చూస్తున్న వాటెల్ కత్తితో పొడుచుకోవడం, అతడు ప్రాణం విడిచే వేళకే నలుదిక్కుల నుంచీ చేపలు వచ్చిపడడం చదివితే, ఒక్క పూట విందు వెనుక ఎంత భయం దాగి ఉండేదో తెలుస్తుంది. 1676లో వెర్సాయ్‌లో రాజుగారి పేకాట బల్ల దగ్గర అందరి చూపులూ చెదురుతుంటే, దాంజో అనే ఆస్థానికుడు ఒక్కడే ఆట మీదే మనసు పెట్టి గెలుచుకుపోతున్నాడని రాశారు. 1689లో సాంసీర్ బాలికల పాఠశాలలో నాటకం ముగిశాక రాజు తనతో నాలుగు మాటలు మాట్లాడినందుకు పొంగిపోయారు, చుట్టూ ఉన్నవారు అసూయపడ్డారనీ దాచకుండా చెప్పారు.

ఆమె లోపాన్నీ చెప్పాలి. 1675లో పన్నుల భారానికి పశ్చిమ ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రజలు తిరగబడినప్పుడు సైనికులు ఉరితీసిన రైతుల గురించి ఆమె తేలికగా, దాదాపు వేడుకగా రాసిన వాక్యాలు నన్ను బాధించాయి. కూతురి కోసం అంతగా తల్లడిల్లిన మనసు ఆ తల్లుల దుఃఖాన్ని చూడలేకపోయింది. అనువాదంలో ఆ ఉత్తరాలను వదిలేయకూడదు. కులీనవర్గం ఎలా ఆలోచించేదో వాటిలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు, ఫ్రెంచి రెండూ బోధిస్తున్నారు. రెండు భాషలూ తెలిసినవారు కూడి, ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా ఫ్రెంచి నుంచి, ఓ యాభై ఉత్తరాలనైనా వివరణలతో తెలుగు చేయాలని, వాటిని మీ అనుబంధంలో వారానికొకటిగా ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై