చూపించడం సరే, చెప్పేవాళ్ళేరీ?

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖ టూరిజం గురించి ఎప్పుడు మాటొచ్చినా కొత్తగా ఏం కట్టాలి, కొండ మీద ఏం పెట్టాలి అన్న దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. కట్టేవి కట్టనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పటికే మన ఊళ్ళో, చుట్టుపక్కల ఉన్నవాటి దగ్గర నాలుగు మాటలు చెప్పే మనిషిని పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర సాయంత్రం క్యూ చూడండి. దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా బెంగాల్, ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి, పిల్లల్ని ఎత్తుకుని మరీ నిలబడతారు. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరుచుకున్న జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. లోపల ఏముంది అంటే పైపులు, వాల్వులు, మీటర్లు, ఒక మనిషి పక్కకు తిరిగితే తప్ప ఇంకో మనిషి పోలేని దారి. ఆ మిషన్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? అయినా బయటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని గురించే మాట్లాడుకుంటూ వస్తారు. ఎందుకంటే అక్కడ గైడ్లుగా ఉన్నది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. గుండ్రటి తలుపు దగ్గర నిలబడి ముందు కాలు పెట్టండి, తర్వాత తల వంచండి అని చెప్పి ఒక్కొక్కరినీ దాటిస్తారు. 75 మంది ఇందులోనే తిని, ఇందులోనే పడుకునేవారని, 22 టార్పెడోలు పట్టేవని చెప్తుంటే, పక్కనే ఉన్న ఆ సన్నటి మంచాల వైపు చూసి జనం నోరెళ్ళబెడతారు. ఇనప గొట్టం లాంటి దానికి ప్రాణం పోసింది ఆ నాలుగు మాటలే. చూసినవాడికి, చేసినవాడు చెప్తే ఆ తేడానే వేరు.

ఇప్పుడు అదే బీచ్ రోడ్డు మీద ఉన్న విశాఖ మ్యూజియానికి రండి. పాత డచ్చి బంగళాలో 1991లో పెట్టారు. జమీందార్ల కత్తులు, బట్టలు, నాణేలు చాలానే ఉన్నాయి గానీ, నా దృష్టిలో అందులోకెల్లా విలువైనది ఒక పేలని బాంబు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి మన హార్బర్ మీద బాంబులేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెల మీద పడింది. మా నాయనమ్మ చెప్పేది, తాళాలు కూడా సరిగ్గా వేసుకోకుండా బళ్ళు కట్టుకుని చోడవరం వైపు పోయారట, కొందరైతే నెలల తరబడి తిరిగి రాలేదట. ఇంత కథ ఉన్న వస్తువు ముందు జనం ఒక్క క్షణం ఆగి, బోర్డు చదివీ చదవక, ఫోటో తీసుకుని వెళ్ళిపోతుంటారు. అప్పటి మాటలు ఇళ్ళల్లో విన్న తరం మనుషులు ఇంకా మన పాత ఊరు వన్‌టౌన్‌లో ఉన్నారు. వాళ్ళు చెప్పింది రికార్డు చేసి ఆ బాంబు పక్కన వినిపించేలా పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. ఆలస్యమైతే మాత్రం చెప్పేవాళ్ళే ఉండరు.

తొట్లకొండ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ అది. 1970ల్లో నేవీ వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తుంటే బయటపడింది, తర్వాత 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న ఊరు లాంటిది పైన కనిపిస్తుంది. స్తూపం, చైత్యాలనే ప్రార్థన మందిరాలు, వరసగా చిన్న చిన్న గదులు, భోజనశాల, రాళ్ళు పరిచిన బాటలు. అన్నిటికంటే ముందు చూపించాల్సింది బండలో తొలిచిన నీళ్ళ తొట్లు. అంత ఎత్తున, వానాకాలం నీళ్ళు పట్టి ఏడాదంతా భిక్షువులు బతకడానికి ఏర్పాటు చేసుకున్నారు, ఆ తొట్టి అంచు మీద కూచుని కిందికి చూస్తే చాలు, ఆ కాలంలో ఇక్కడ మనుషులు ఎంత ముందుచూపుతో ఉన్నారో తెలుస్తుంది. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోము వెండి నాణేలు కూడా దొరికాయి. రోము నాణెం ఈ కొండ మీదికి ఎలా వచ్చింది? ఎదురుగా ఉన్న సముద్రం మీద నుంచి, వ్యాపారుల చేతుల మీదుగా. ఈ ఒక్క ముక్క చెప్పేవాడుంటే కలకత్తా నుంచి వచ్చిన కుర్రాడు గానీ, మన ఎంవీపీ కాలనీ కుర్రాడు గానీ ఆ కొండను మర్చిపోతాడా? నేను వెళ్ళినప్పుడల్లా చూసేది వేరు. ఇటుక గోడల మధ్య సెల్ఫీలు, ఒకటీ అరా ప్రీ వెడ్డింగ్ షూటింగులు, ‘ఇంతేనా, ఏముందిక్కడ’ అంటూ దిగిపోయే జనం. వాళ్ళ తప్పేముంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళకు అది ఇటుకల కుప్పే. పైగా భీమిలి బస్సు కింద రోడ్డు మీద దించేస్తుంది, అక్కడి నుంచి ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కాలి, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే ఆటో బేరమే గతి.

టూరిస్టులకు రాళ్ళూ రప్పలూ ఎందుకండీ, వాళ్ళకు కావలసింది జిప్‌లైనూ, గాజు వంతెనే అని కొందరంటారు. నేను ఒప్పుకోను. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది, రాతి గుహలు, పక్కనే లింగాలమెట్ట మీద కొండరాయిలోనే చెక్కిన స్తూపాలు గుంపులు గుంపులుగా ఉంటాయి, అలాంటిది చూడాలంటే చాలా దూరం పోవాలి. కనుమ రోజున అక్కడికి వెళ్ళి, బౌద్ధుల నాటి కట్టడాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు విసరడం చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు ఎన్నో ఏళ్ళ పాటు అలవాటుగా ఉండేది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అదేమిటో తెలియదంతే. దాన్ని మాన్పించడానికి పురావస్తు శాఖ వాళ్ళు, పాత కట్టడాల రక్షణ కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి వెంటపడి చెప్పుకుంటూ రావలసి వచ్చింది. చెప్పకపోతే పక్క ఊరి వాడే రాయి విసురుతాడు, ఎక్కడి నుంచో వచ్చినవాడికి అర్థం కావాలని ఎలా ఆశిస్తాం?

కాబట్టి నేను అడిగేది ఇది. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, ఆర్కియాలజీ చదివే పిల్లలున్నారు, ఊరి నిండా రిటైరైన టీచర్లున్నారు. వాళ్ళలో ఇష్టమున్నవాళ్ళకు శిక్షణ ఇచ్చి, శని ఆదివారాల్లో తొట్లకొండ, అలాంటిదే ఇంకో బౌద్ధ క్షేత్రం బావికొండ, విశాఖ మ్యూజియం, భీమిలి డచ్చి సమాధులు, బొజ్జన్నకొండల దగ్గర నిలబెట్టండి. ఊరికే వద్దు, టికెట్ డబ్బుల్లోంచో, మనిషికింత అనో వాళ్ళకు ముట్టాలి, లేకపోతే రెండో నెలకే కనపడరు. తెలుగు, ఇంగ్లీషుతో పాటు బెంగాలీ, ఒడియా వచ్చినవాళ్ళు తప్పనిసరిగా ఉండాలి, సీజన్లో వచ్చేదే వాళ్ళు కదా. వన్‌టౌన్‌లో ఇన్‌టాక్ వాళ్ళు హెరిటేజ్ వాక్‌లు పెడుతుంటారు, టౌన్‌హాల్, కురుపాం మార్కెట్, రాస్ హిల్ చర్చి చూపిస్తూ. టూరిస్టు ఉన్న రెండు రోజుల్లో అది దొరికితే అదృష్టం, దాన్ని వారం వారం జరిగేలా చెయ్యండి.

ఇంకొక్కటి. సాయంత్రమైతే కళాభారతిలోనో, గురజాడ కళాక్షేత్రంలోనో కచేరీయో నాటకమో ఉంటుంది, రెండు వీధుల అవతల హోటల్లో దిగినవాళ్ళకు ఆ సంగతే తెలియదు, టీవీ పెట్టుకుని కూచుంటారు. కురుసుర సోమవారం మూసి ఉంటుందన్న సంగతి కూడా అక్కడిదాకా వెళ్ళాకే తెలుస్తుంది చాలామందికి. పోయినేడు మా చుట్టాలు భువనేశ్వర్ నుంచి వచ్చి, గేటు చూసి వెనక్కి తిరిగారు, పిల్లల మొహాలు చూడలేకపోయాం. మీ జిల్లా పేజీలో ఈ రోజు నగరంలో ఏమేం ఉన్నాయో వేస్తుంటారు కదా, దాన్నే హిందీ, బెంగాలీ, ఒడియాల్లో కూడా తయారు చేసి పొద్దున్నే రైల్వే స్టేషన్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, హోటళ్ళ కౌంటర్ల దగ్గర అంటించవచ్చు. ఏ మ్యూజియం ఎప్పుడు తెరుస్తారో, ఏ నంబరు బస్సు ఎక్కాలో అందులోనే ఉండాలి.

ఇవన్నీ ఒక్కసారి అవుతాయని నేను అనుకోవడం లేదు. వచ్చే దసరా సెలవులకు తొట్లకొండ ఒక్కదాన్ని పట్టుకుని, శని ఆదివారాల్లో కింద రోడ్డు నుంచి పైకి ఒక మినీ బస్సు, పైన ఇద్దరు గైడ్లు పెట్టి చూడమని అధికారులను కోరుతున్నాను. మీ రిపోర్టర్లు కూడా ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి, పైకి ఎక్కిన వాళ్ళను ఏం చూశారని అడిగి రాయాలని నా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం